డిక్కీ పదిలం, వీధి గల్లంతు

విజయవాడ కార్లలో ఇప్పుడొక కొత్త సిద్ధాంతం తిరుగుతోంది. సబ్‌వూఫర్ ఉండాలి, కనపడకూడదు. గుండెలదరాలి, డిక్కీలో అంగుళం కూడా తగ్గకూడదు. రెండు డోర్ల స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లకు ఈ పట్టుదల మరీ ఎక్కువ. ఆ కారుకి డిక్కీ అంటూ ఉన్నదెంత? పెళ్లికి వెళ్లొస్తుంటే సూట్‌కేసులు అందులో పెట్టి, లడ్డూల డబ్బా ఒళ్లో పెట్టుకోవాలి. వెనక సీటు సంగతి అడగొద్దు, అది రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉంటుంది. అయినా సరే, ఉన్న ఆ కాస్త చోటునీ ప్రాణం పెట్టి కాపాడాలట.

"డిక్కీ జోలికి పోమండీ. బాసు మాత్రం ఇరగదీస్తది" అని ఫిట్టింగు కుర్రాడి హామీ. మరి పెట్టె ఎక్కడ పెడతావయ్యా అంటే, సీటు కిందంటాడు, స్టెప్నీ గుంటలోనంటాడు, కాదంటే డిక్కీ పక్క గోడ వెనక బోలుగా ఉన్నచోట ఫైబర్‌గ్లాసుతో అచ్చు పోస్తానంటాడు. పైన కంపెనీ రంగు కార్పెట్ అంటిస్తే షోరూమువాడు కూడా పోల్చుకోలేడు. పనితనానికి వంక పెట్టను. నాకు మింగుడుపడనిది ఆ "చోటు పోదు" అన్న మాట. అమరావతిలో ఎకరమిచ్చి గజాల్లో తిరిగి తీసుకున్న ప్రాంతం మనది. చోటు లెక్కలు మనకి ఒకరొచ్చి నేర్పక్కర్లేదు. లారీ బాడీలు కట్టి పేరు తెచ్చుకున్న ఆటోనగర్‌లో ఏ పాత మేస్త్రీని కదిపినా చెబుతాడు, లోడు పెరగాలంటే బాడీ పెరగాలని.

ఈ మేస్త్రీ మాటనే స్పీకర్లకు లెక్కగట్టినవాడు జోసెఫ్ ఆంటన్ హాఫ్‌మన్. 1957లో అమెరికాలో కేఎల్‌హెచ్ అనే స్పీకర్ల కంపెనీ పెట్టిన ముగ్గురిలో ఒకడు, ఆ పేరులో చివరి హెచ్ ఆయనే. తండ్రి జగమెరిగిన పియానో విద్వాంసుడు. కార్ల కుదుపు తగ్గించే షాక్ అబ్సార్బర్లకు పేటెంట్లు కూడా తీసుకున్నాడు. కారు అదరకూడదని తండ్రి అంత తాపత్రయపడితే, అదిరితే తప్ప అది కారే కాదని మనవాళ్లు తేల్చారు. కొడుకు చెప్పిన సూత్రం చాలా చిన్నది. చిన్న పెట్టె, లోతైన బాసు, తక్కువ పవరుతో పెద్ద మోత: ఈ మూడింట్లో రెండే దక్కుతాయి. పెట్టె సగానికి తగ్గిస్తే అదే మోతకి రెట్టింపు పవరు పోయాలి. పెట్టె కదల్చకుండా బాసుని ఒక స్థాయి కిందికి దించాలంటే ఎనిమిది రెట్లు పోయాలి. 12 అంగుళాల స్పీకరుకి మూసిన పెట్టె సుమారు 30 లీటర్లు అడుగుతుంది, అంటే హోటలువాళ్లు కొనే నూనె డబ్బాలు రెండు పక్కపక్కన పెట్టినంత. దాన్ని సీటు కింద దాచడం ఎలాగో కుర్రాడిని అడగండి. "అందుకే ఎనిమిది అంగుళాలది పెడతామండీ" అంటాడు. బాసు లోతు తగ్గిన సంగతి మాత్రం బిల్లులో రాయడు.

తగ్గిన లోతుని పవరుతో పూడ్చాలి కాబట్టి ఆంప్లిఫయర్ పెద్దది తగిలిస్తారు. అది కూడా కనపడకూడదు కదా, కార్పెట్ కిందికి తోస్తారు. గాలాడనిచోట ఆంప్లిఫయర్ కాలిపోకుండా తనంతట తాను ఆగిపోతుంది. దానికా తెలివి కంపెనీవాడే పెట్టాడు. రోహిణి కార్తెలో బందరు రోడ్డు ట్రాఫిక్‌లో పదినిమిషాలు నిలబడితే పాట చటుక్కున చప్పబడేది అందుకే. కొన్నవాడు మర్నాడు షాపు ముందు నిలబడి "ఏంటన్నా, ఆగిపోతంది" అంటాడు. ఆ రోజుల్లో మనుషులే ఆగిపోతున్నారు, యంత్రాన్నని ఏం లాభం?

ఇక స్టెప్నీ గుంట. ఇది మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. గుంటలో గుండ్రటి సబ్‌వూఫర్ దిగుతుంది, పైన అట్ట వేస్తారు, కార్పెట్ పరుస్తారు, ఫొటో తీస్తారు. డిక్కీ చెక్కుచెదరలేదు! ఫొటో అయ్యాక ఓనరు మెల్లగా అడుగుతాడు, మరి స్టెప్నీ ఏదీ అని. కుర్రాడు గోడకి ఆనించిన చక్రాన్ని దొర్లించుకొచ్చి, ఎత్తి, అపురూపంగా కాపాడిన ఆ డిక్కీలో పడేస్తాడు. తెలివైనవాళ్లు స్టెప్నీని ఇంట్లో మంచం కింద పెట్టుకుంటారు. వాళ్లకి చల్లపల్లి దాటాక రాత్రిపూట టైరు దిగితే, పంచరు షాపు తెరిచేదాకా వినడానికి మంచి బాసు ఉంటుంది.

సీటు కింద పెట్టించుకున్నవాళ్లతో ఇంకో మాట. ఇది 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్ మీద పడిన ఊరు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన నీళ్లు చూసిన ఊరు. కారులోకి నీళ్లొస్తే మొదట తడిసేది కార్పెటే. అక్కడ కరెంటు సామాను పరిచి "దాచాం" అనుకునేవారి ధైర్యానికి ఒక నమస్కారం.

సరే, వాళ్ల డబ్బు, వాళ్ల కార్పెట్. నాకేం నొప్పి? నొప్పి ఎక్కడంటే, పటమటలో రాత్రి పదకొండుకి మా వంటింటి స్టీలు స్టాండులో గ్లాసులు ఒకదానికొకటి తగిలి టకటకలాడతాయి. కారింకా వీధి మలుపులోనే ఉంటుంది. 40 హెర్ట్జ్ బాసు అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. కారు పొడవు నాలుగు నుంచి ఐదు. పల్చటి రేకూ అద్దమూ పాటలోని సన్నటి స్వరాల్ని బాగానే ఆపుతాయి గానీ, ఇంత పొడుగు అలని ఆపలేవు. కాబట్టి పంపకం ఇలా జరుగుతుంది: పల్లవి, చరణం, వయొలిన్లు, గాయని గొంతు లోపల కూర్చున్నవాడికి. దడ్ దడ్ మాకు. దానికి తోడు అదిరే నంబరు ప్లేటు గరగర కూడా మాకే. పెట్టె 30 లీటర్ల చోటు కారులో తీసుకోనంది గానీ, మూడు వీధుల చోటు బయట తీసుకుంది.

అసలు మూసిన చిన్న క్యాబిన్‌లో బాసు దానంతటదే పెరుగుతుంది. చిన్న కారున్నవాడికి తక్కువ సామానుతోనే పని జరుగుతుంది. ఈ శుభవార్త చెబితే బిల్లు పెరగదు కాబట్టి ఎవరూ చెప్పరు.

చట్టం లేదా అంటే ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా హద్దు 45 డెసిబెల్స్. అయితే ఆ కొలత 'ఏ' తూకంలో తీస్తారు. చిన్న చప్పుళ్లలో చెవి లోస్వరాన్ని తక్కువగా వింటుంది గనక, ఆ తూకం 40 హెర్ట్జ్ దగ్గర దాదాపు 35 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. మా గుమ్మం దగ్గర 75 డెసిబెల్స్ బాసు మోగితే మీటరు 40 అని రాసుకుంటుంది. హద్దు లోపలే! సీటు కింద దాగినదానికంటే ఈ తూకం కింద దాగినదే గట్టి దాపరికం. గ్లాసుల టకటకని సాక్ష్యంగా తీసుకునే అధికారి ఉంటే చెప్పండి, స్టాండుతో సహా వస్తాను.

ఈలోగా ఒక చిన్న సాయం. వేసవిలో నూజివీడు నుంచి రసాల పెట్టెలు రెండు తేవాలి. డిక్కీ నిజంగా ఖాళీగా ఉందన్నవారెవరైనా ముందుకొస్తే పెట్రోలు నాది. స్టెప్నీ ఇంటి దగ్గర దించి రావాలి, తిరిగొచ్చేటప్పుడు పాట కట్టేయాలి. గడ్డి వేసి సర్దినా, రసాలు ఆ అదురుకి ఇల్లు చేరేసరికి పిండి తాగడానికే పనికొస్తాయి.