నా వారాలే లెక్కపెట్టుకున్నాను

నా ఈడు స్నేహితుడొకడు నిద్రలోనే పోయాడు. అప్పటినుంచి నాకు చావు భయం పట్టుకుంది. భయమంటే దిగులు కాదు, తొందర. ఎనభై ఏళ్ళ బతుక్కి వారాలు 4,160 అని లెక్కగట్టి, అన్ని గళ్ళూ గీసిన కాగితాన్ని రాతబల్ల ఎదుట గోడకు అంటించాను. గడిచిపోయిన గళ్ళను సిరాతో నింపాను. మిగిలినవాటిలో మా ఊరి చరిత్ర రాసి తీరాలనుకున్నాను.

ఎప్పుడూ కొమర్రాజు లక్ష్మణరావుగారే మనసులో మెదిలేవారు. ఉబ్బసంతో బాధపడుతూనే ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలకెత్తుకున్నారు. మూడు సంపుటాలు తెచ్చి, 1923లో, 46 ఏళ్ళకే వెళ్ళిపోయారు. అంతటి మనిషి పనే నడుమ ఆగిపోతే నాబోటివాడి సంగతేమిటి? ఈ ఆలోచనే నన్ను తెల్లవారుజామున లేపేది. పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశాను. ఫోన్లు ఎత్తడం తగ్గించాను. నేనొక్కణ్ణే మృత్యువును గుర్తుపెట్టుకుని బతుకుతున్నానని, చుట్టూ అందరూ దాన్ని మరిచిపోయారని గట్టిగా నమ్మాను.

నాన్న కరణంగా చేశారు. 1984లో ప్రభుత్వం ఆ ఉద్యోగాలు రద్దు చేసేదాకా ఊరి లెక్కలన్నీ ఆయన చేతిమీదుగా నడిచాయి. ఏ తూము కింద ఏ మాగాణి తడిసేదో, ఏ పొరంబోకు కోసం ఎవరు కోర్టుకెక్కారో, కరువొచ్చిన ఏడు నీటి వంతులు ఎలా వేసుకున్నారో అన్నీ ఆయనకు తెలుసు. సాయంత్రాలు కుర్చీ లాక్కుని నా గదిలో కూర్చునేవారు.

"ఊరచెరువు రెండో తూము సంగతి నీకు చెప్పానా?"

"ఇప్పుడు కాదు నాన్నా, ఈ అధ్యాయం అవనీ."

ఆ అధ్యాయం చెరువుల గురించే. పాత గెజిటీరు ముందేసుకుని, అందులో మా ఊరి పేరు ఎక్కడైనా ఉందేమోనని వెతుకుతూ ఆ మాట అన్నాను. ఒకసారి కాదు, ఎన్నోసార్లు. ఆయన నొచ్చుకునేవారు కాదు. "సరే, రాసుకో" అని లేచి వెళ్ళేవారు.

తర్వాత పక్షవాతం వచ్చింది. కుడివైపు చచ్చుబడి, మాట పోయింది. మెదడుకు ఎడమవైపు దెబ్బతగిలితే చాలామందికి ఇలా అవుతుందని డాక్టరు చెప్పారు. మనం అన్నది నాన్నకు తెలుస్తుంది. ఆయన అనదలచింది నోటికి రాదు.

రోజూ ప్రాణులు పోతుండగా చూస్తూ, మిగిలినవాళ్ళు తాము శాశ్వతమనుకోవడం కంటే వింత లేదని యక్షుడికి ధర్మరాజు చెప్పాడు. ఆ వింతలోంచి నేను బయటపడ్డాననుకున్నాను. నేను పోతానన్నది గుర్తుంది నాకు. నాన్న పోతారన్నది గుర్తులేదు. గోడమీది గళ్ళన్నీ నావే. ఎనభై దాటిన మనిషిని, ఎప్పుడడిగినా చెబుతారులే అని వాయిదా వేశాను. ఆయన నా పనికి అడ్డమొస్తున్నారనుకున్నాను. నా పనంతా ఆయన దగ్గరే ఉంది. ఒక్క నా ఆయుష్షునే చూసుకున్నప్పుడు అది ఏకాగ్రత కాదు, పిసినారితనం.

లక్ష్మణరావుగారినీ నేను సగమే తెలుసుకున్నాను. విద్యార్థిగా అక్కగారు భండారు అచ్చమాంబ ఇంట్లో ఉంటూ, బడి చదువు లేని ఆమెకు చదువు నేర్పారాయన. ఆమె 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు. 1905లో, చిన్న వయసులోనే కన్నుమూశారు. ఆమె పక్కన కూర్చున్న ఆ గంటల్ని ఆయన తన చదువు కోసమే దాచుకుని ఉంటే? ఈ ప్రశ్న నాకు ముందే రావలసింది.

ఇప్పుడు నాన్న మంచం మీద గ్రామపటం పరిచి, ఒక్కో చోట వేలుపెట్టి అడుగుతున్నాను. అవునంటే ఎడమచేత్తో తడతారు. కాదంటే తల అడ్డంగా ఊపుతారు. రెండో తూము దగ్గర మాత్రం చాలాసేపు చెయ్యి తియ్యలేదు. ఏం జరిగిందక్కడ? గండి పడిందా? ఎవరైనా పోయారా? తగాదానా? అన్నిటికీ తల అడ్డంగానే ఊపారు. ఏం అడగాలో నాకు తోచలేదు.

అమ్మ వంటింట్లోంచి ఏదైనా చెప్పడం మొదలుపెడితే వెంటనే వెళ్ళి పీట వేసుకుని కూర్చుంటున్నాను. పుస్తకం ఆలస్యమైతే కానీ. అప్పట్లో చెరువు నీళ్ళు వదిలిన నీరటి ఒకాయన, పక్క మండలంలో కూతురి దగ్గర ఉంటున్నాడని నిన్ననే తెలిసింది. వినికిడి తగ్గిందట, మాట బాగానే ఉందట. రేపు పొద్దున మొదటి బస్సుకు వెళ్తున్నాను.