కేబులొచ్చింది, కబురు రాలేదు

చెన్నై నుంచి అండమాన్ దీవులకు సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ 2020లోనే వచ్చేసింది. స్టార్ మా ‘కార్తీకదీపం’ రెండో భాగంలో విలన్ జ్యోత్స్న ఎవరి కూతురన్న కబురు మాత్రం హాల్లోంచి పక్క గదికి నెలల తరబడి చేరలేదు. 2024 మార్చిలో మొదలైన ఈ సీరియల్లో జ్యోత్స్న నాయనమ్మ పారిజాతం పిల్లల్ని మార్చేసిందని అండమాన్‌లోని గోల్ ఘర్‌లో టీవీ ముందు కూర్చునే ప్రతి అత్తగారికీ తెలుసు. అన్నాళ్లూ తెలియనిదల్లా ఆ ఇంట్లోని మిగతావాళ్లకే. చెప్పబోయినవాడు నోరు తెరిచేలోగా ఏదో ఒక గండం, అదీ కాకపోతే సబ్బు ప్రకటన. విలన్ పుట్టుక ఇన్నాళ్లు నానితే చూసేవాళ్ల కోపం విలన్‌ని వదిలేసి రచయిత మీదకు మళ్లుతుంది.

‘నిజం తేలిపోతే ఇక కథేముంటుంది?’ అంటారు సీరియల్ పక్షంవాళ్లు. వ్యాసుడికి ఆ బెంగ లేదు. కుంతి వెళ్లి కర్ణుడికి చెప్పేసింది, అసలు యుద్ధం ఆ తర్వాతే మొదలైంది. ‘మాకంత భారతం వద్దు, టీఆర్‌పీ చాలు’ అంటారా, సరే. కానీ 2017లో మొదలైన తొలి ‘కార్తీకదీపం’లో పిల్లలు తనవాళ్లేనా అని ఏళ్లపాటు కుమిలిపోయిందెవరు? సాక్షాత్తూ డాక్టరు! డీఎన్‌ఏ పరీక్ష చేయించుకోవయ్యా అని ప్రేక్షకుల గొంతులే పోయాయి. ఈసారి ఆ పరీక్ష సరంజామా గోల్ ఘర్‌వాళ్లే వైజాగ్ ఓడలో పంపొచ్చు. మూడు రోజుల్లో చేరుతుంది. పారిజాతం నోరు విప్పేలోగా ఓడ తిరిగొచ్చి, మరమ్మతుకని డ్రైడాక్ కూడా ఎక్కేస్తుంది.