కొవ్వాడ కరెంటు

అణు విద్యుత్తే దిక్కనేవారూ, అదే ముప్పనేవారూ టీవీ చర్చల్లో జుట్టూ జుట్టూ పట్టుకుంటున్నారు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ మాత్రం అణు విద్యుత్ కేంద్రానికి 2009లో దొరికిన సూత్రప్రాయ అనుమతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

కాగితం మీద ఘనమే. ఒక్కొక్కటీ 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు! రియాక్టర్లు ఇచ్చే కంపెనీ మొదట జీఈ-హిటాచీ అన్నారు, తర్వాత వెస్టింగ్‌హౌస్ అన్నారు. 2017 మార్చిలో ఆ వెస్టింగ్‌హౌసే దివాలా పిటిషన్ వేసింది. పెళ్లికొడుకు మారినా ముహూర్తం మారలేదు, అసలు పెడితే కదా! అదే రకం రియాక్టర్లు రెండింటిని అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని వోగ్టల్‌లో కట్టేసరికి ఏడేళ్లు ఆలస్యమై, ఖర్చు 3,000 కోట్ల డాలర్లు దాటింది. మనకు ఆరు కావాలట.

సౌర భక్తులు మరీ మురిసిపోనక్కర్లేదు. కర్నూలు జిల్లాలో వెయ్యి మెగావాట్ల పార్కు 2017కే సిద్ధమైన మాట నిజం. కానీ రాత్రి ఏడున్నరకు ఇంటింటా ఏసీలు ఆన్ అయ్యే వేళకు ఆ పలకలు పడుకుంటాయి, భారమంతా బొగ్గు నెత్తినే పడుతుంది. పైగా 2019లో రాష్ట్ర ప్రభుత్వమే సౌర, పవన ఒప్పందాల ధరలు తిరగదోడింది. ఒప్పందంలో రాసుకున్న ధరే ఇవ్వాలని హైకోర్టు తేల్చేసరికి 2022 వచ్చింది.

కొవ్వాడ మత్స్యకారులకు ఈ వాదాలతో పనిలేదు. ఊరు ఉంటుందా, లేపేస్తారా? అయ్యా, ఆ ఒక్క ముక్కా తేల్చి చెప్పండి.