రబ్బరు బ్యాండు పాండిత్యం

ఎండకు పెళుసెక్కి తెగిపోయిన రబ్బరు బ్యాండు ఒకటి నా షాపు గల్లాపెట్టెలో దాచుకున్నాను. గిరాకీ లేనప్పుడు దాన్ని చూసుకుంటే పొగరు కాస్త దిగుతుంది.

గోదావరిఖనిలో నాది కంప్యూటర్లు బాగుచేసే షాపు. రామగుండం చుట్టుపక్కల ప్రైవేటు లారీ కాంటాలకు తూకం చిట్టీల ప్రోగ్రాం రాసిచ్చేది కూడా నేనే. ఇక్కడి గనుల బొగ్గు సింగరేణి సంస్థ సొంత కాంటాల మీద తూగుతుంది. మా సేట్ల కాంటాలకు వచ్చేవి బూడిద, ఇటుక, ఇసుక, పాత ఇనుము. నా కథ జరిగిన కాంటా మీద ఎక్కువగా ఎక్కేవి బూడిద లారీలు. ఎన్టీపీసీలో బొగ్గు మండగా మిగిలిన బూడిదే ఇటుకల యూనిట్లకు పోతుంది.

లారీ కింద ఇనుప పలక, ఆ పలక కింద లోడ్ సెల్స్ ఉంటాయి. బరువు పడితే సెల్‌లోని ఉక్కు కంటికి ఆననంత వంగుతుంది. దాని వల్ల వచ్చే సిగ్నల్ మిల్లీవోల్టుల్లో ఉంటుంది. దాన్ని క్యాబిన్‌లో ఉన్న ఇండికేటర్ డబ్బా అంకెలుగా మార్చి ఎర్రటి లైట్లలో చూపిస్తుంది. అక్కణ్ణుంచి ఒక వైరు కంప్యూటర్‌కు వస్తుంది. ఆ వైరు మాట్లాడే పద్ధతి ఆర్ఎస్-232. 1960లో అమెరికాలో పుట్టింది. తొమ్మిది పిన్నుల ప్లగ్గు అయినా మాకు పనికొచ్చేవి రెండు, మూడు, అయిదు నంబర్లే: ఒకటి వినడానికి, ఒకటి చెప్పడానికి, ఒకటి రెండింటికీ ఉమ్మడి గ్రౌండ్. మా డబ్బా అయితే ఒక్కతీరుగా చెప్పుకుంటూ పోవడమే. వినేవాడు ఉన్నాడా లేడా అని అడగదు.

ఆ కాంటా సేటు దగ్గర విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ ఉండేది. మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లోనే దాన్ని వదిలేసినా సేటు వదల్లేదు. 2022 ఫిబ్రవరిలో అది పూర్తిగా మొరాయించింది. కొత్తది పెట్టాను. కొత్తదానికి ఆ వైరు గుచ్చే సీరియల్ పోర్టు లేదు. యూఎస్‌బీ కన్వర్టర్ తెచ్చాను. ఇక్కడ వచ్చింది తిరకాసు. వైరు ప్లగ్గుకూ స్క్రూలే, కన్వర్టర్‌కూ స్క్రూలే. స్క్రూకు స్క్రూ ఎదురుపడితే పట్టుకునే నట్టేదీ? పెద్దపల్లి పోయి నట్లు తెచ్చే ఓపిక లేక, ఒకవైపు స్క్రూలు పీకేసి, ప్లగ్గు గుచ్చి, రెండింటినీ కలిపి రబ్బరు బ్యాండు చుట్టాను. "రేపు చూద్దాం" అనుకున్నాను. ఆ రేపు రాలేదు. నేను మర్చిపోయాను.

ఏప్రిల్ సగంలో సేటు ఫోను. "తమ్మీ, అంకె ఆగిపోతున్నది."

పోయి చూశాను. ట్రాక్టర్లు ఎక్కితే అంతా బాగుంది. నిండు లారీ ఎక్కితే కంప్యూటర్‌లో అంకె ఎనిమిది వేలనో తొమ్మిది వేలనో చూపించి బిగుసుకుపోతోంది. నాకు వెంటనే వెలిగింది: నాలుగంకెలు వస్తున్నాయి, అయిదంకెలు రావడం లేదు! పదివేల కిలోలు దాటగానే నా ప్రోగ్రాం తడబడుతోందని తీర్మానించి రెండు రాత్రులు కూర్చుని దాన్ని తిరగరాశాను.

మూడో రోజు కాంటా దగ్గర లొల్లి. ఒక బూడిద లారీ డ్రైవరు చిట్టీ పట్టుకుని ఊగిపోతున్నాడు. ఖాళీ బండి 11,020 కిలోలు. నిండు బండి 9,640. నికరం మైనస్ 1,380. "బూడిద పోస్తే నా లారీ బరువు తగ్గిందా?" అని అతని ప్రశ్న. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతున్నారు. నేను చిట్టీ తీసుకుని గంభీరంగా తల పంకించాను. దానిలోనే ఖాళీ బరువు అయిదంకెల్లో శుభ్రంగా అచ్చయి ఉంది. నా సిద్ధాంతం ఆ కాగితం మీదే చచ్చిపోయింది. నేను చూడలేదు.

కాంటా మీద కూర్చునే పిలగాడు ఆ రోజే అన్నాడు. "అన్నా, డబ్బాల అంకె మంచిగనే వస్తున్నది. కంప్యూటర్లనే వస్తలేదు." ఇంటర్ తప్పిన పిలగాడు. "నీకు తెల్వదు, ఊకో" అన్నాను. డబ్బాలో సరిగ్గా ఉండి తెరమీద లేదంటే, డబ్బాకు అవతల ఉన్న లోడ్ సెల్స్‌కు ఏ పాపమూ తెలియదనే కదా అర్థం. ఇంత చిన్న సంగతి వాడి నోటి నుంచి వచ్చింది కాబట్టి నాకు రుచించలేదు.

తరువాత కన్వర్టర్ మీద పడ్డాను. సేటును కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చాను. 2014 అక్టోబరులో, కన్వర్టర్లలో వాడే చిప్పులు చేసే ఎఫ్‌టీడీఐ కంపెనీ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఒకటి విండోస్ అప్‌డేట్‌లో వచ్చి, నకిలీ చిప్పుల గుర్తింపు సంఖ్యను సున్నా చేసి, లోకమంతటా అవి ఉన్న కన్వర్టర్లను మూగబోయేలా చేసింది. జరిగిన సంగతే. దానికీ సేటు కాంటాకూ ఏ చుట్టరికమూ లేదు. సేటు ఆశ్చర్యపోయి డబ్బులిచ్చాడు. ఖరీదైన కన్వర్టర్ పెట్టాను. వారం రోజులు బ్రహ్మాండంగా నడిచింది. మళ్ళీ ఆగింది. యూఎస్‌బీ పోర్టును నిద్రపుచ్చే కరెంటు పొదుపు సెట్టింగు తీసేశాను, వైరు మాట్లాడే వేగం (బాడ్ రేటు) తగ్గించాను, విండోస్ మళ్ళీ ఎక్కించాను. ప్రతిసారీ వారం బాగుండేది, మళ్ళీ మొదటికొచ్చేది. ఏం చేసినా వారం ఎందుకు బాగుంటోందని ఒక్కసారైనా అడుక్కున్నానా? ఏ మరమ్మతుకైనా ఆ ప్లగ్గు పీకి, మళ్ళీ గట్టిగా గుచ్చి, కొత్త రబ్బరు బ్యాండు చుట్టేవాణ్ణి. చేతులకు అలవాటైన పని కళ్ళకు కనబడదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగింది. క్యాబిన్ రేకులు దడదడలాడాయి. ఖాళీ కాంటా మీద డబ్బాలో అంకె ఒక్క క్షణం సున్నా నుంచి నలభైకి ఎగిరి దిగింది. భూమి అదిరితే కాంటా అదరదా? నేను మాత్రం లేచి నిలబడి "సేటూ, లోడ్ సెల్ పోయింది" అని తీర్పు చెప్పేశాను. హైదరాబాదు నుంచి మనిషిని పిలిపించాను. సీలు తీయించాను. తూనికలు కొలతల శాఖ ముద్ర ఏడాదికోసారి వేయించుకోవాల్సింది. సీలు తీస్తే గడువు ఉన్నా మళ్ళీ వేయించాలి. ముద్ర పడేదాకా కాంటా మూతే. వచ్చిన మనిషి సెల్స్ అన్నీ చూసి, అన్నీ బాగున్నాయని చెప్పి, తన కూలి తీసుకుని వెళ్ళిపోయాడు. సేటు నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ముద్ర పడి కాంటా తెరిచిన మూడు రోజులకు మా బాపును ఏరియా ఆసుపత్రిలో చూపించి బండి మీద తీసుకొస్తూ అక్కడ ఆగాను. బాపు సింగరేణిలో సర్దార్‌గా చేసి దిగిపోయాడు. షిఫ్టు మొదలుకాకముందే బొగ్గు బాయిలో దిగి, దీపంతో గ్యాసు చూసి, కర్రతో పైకప్పు తట్టి, బాగుందంటేనే మనుషులను లోపలికి పంపే పని అది. నేను తెర ముందు తిట్టుకుంటుంటే బాపు స్టూలు మీద కూర్చుని చాలాసేపు చూశాడు.

"ఏందిరా లొల్లి?"

"అంకె వస్తలేదు బాపు."

"ఆ డబ్బాల ఉన్నది గదా."

"దాంట్ల ఉన్నది. దీంట్లకు వస్తలేదు."

"నడుమ ఏమున్నది?"

"వైరు."

"వైరును తట్టి చూసినవా?"

"చూసిన" అన్నాను. అబద్ధం.

బాపు లేచాడు. ఎడమచేతి వేళ్ళను వైరు మీద ఆనించి, కుడిచేతిలో ఉన్న చేతికర్రతో మెల్లగా తడుతూ డబ్బా దగ్గర మొదలుపెట్టాడు. పైకప్పు చూసేది కూడా అట్లాగే. కర్రతో ఒకచోట తట్టి, పక్కనే వేళ్ళు ఆనించి అదురు చూస్తారు. గట్టి రాయి ఖంగుమంటుంది, వేళ్ళకు ఏమీ తెలియదు. పొర విడిచిన రాయి బోలుగా మోగుతుంది, వేళ్ళ కింద వణుకుతుంది. కాంటా మీద లారీ నిలబడే ఉంది. అప్పటికి తెరమీద కూడా 28,460 కనబడుతోంది. జానెడు జానెడు జరుగుతూ బాపు గోడ దాటి, బల్ల అంచు దాటి, కంప్యూటర్ వెనక్కి వచ్చాడు. ఒకచోట తట్టాడు. పిలగాడు డబ్బానూ తెరనూ మార్చి మార్చి చూస్తూ "ఆగిందన్నా!" అన్నాడు. డబ్బాలో అంకె వణుకుతుంటే తెరమీద కదలిక లేదు.

"ఈడ డొల్లగున్నది రా" అన్నాడు బాపు.

వంగి చూశాను. బొగ్గు దుమ్ము పట్టిన ప్లగ్గు సగం జారి వేలాడుతోంది. నా రబ్బరు బ్యాండు తెగి వైరుకు అంటుకుపోయి ఉంది. రేకుల క్యాబిన్‌లో రామగుండం ఎండ. వారం కంటే అది ఎక్కడ ఆగుతుంది?

అప్పుడు అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. నిండు లారీ ముందు చక్రాలు ఎక్కినప్పుడు ఎనిమిది తొమ్మిది వేలు. వెనక చక్రాలు ఎక్కేటప్పుడు క్యాబిన్ అదిరి ప్లగ్గు ఎడమయ్యేది. అందుకే ఆగిన అంకెకు నాలుగే అంకెలు. కొత్త అంకె రాకపోతే తెర ఖాళీ కావాలి కదా, పాతదాన్నే పట్టుకుని ఎందుకు కూర్చుంది? అట్లా రాసిందీ నేనే. ప్లగ్గు జారడం ఒక పొరపాటు. జారిన సంగతి ఎవరికీ తెలియకుండా దాచిపెట్టేలా ప్రోగ్రాం రాయడం అంతకంటే పెద్దది. డ్రైవరు చేతికి మైనస్ చిట్టీ వచ్చింది కాబట్టి నవ్వుకున్నారు. నికరం నమ్మేలా ఉండి ఉంటే, ఎవరి కడుపో కొట్టేవాణ్ణి.

ఇంకో ముచ్చట చెప్పకపోతే ఇది ఒప్పుకోలు కాదు. ఆ సాయంత్రం సేటు వచ్చి "ఏమైంది తమ్మీ?" అంటే "డ్రైవర్ సెట్ చేసిన" అన్నాను. బిల్లు కూడా రాశాను. బాపు బండి వెనక కూర్చుని ఇల్లు చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. నాలుగు రోజులకు పోయి సేటుకు నిజం చెప్పాను. బిల్లు చింపేశాను. సీలు ఖర్చు మూడు వాయిదాల్లో కట్టాను. ఇప్పుడు నా ప్రోగ్రాంలో రెండు సెకన్లు అంకె రాకపోతే తెర ఖాళీ అవుతుంది, చిట్టీ అచ్చు కాదు. ఏ ప్లగ్గునైనా స్క్రూ బిగించే వదులుతున్నాను.

మీ దగ్గర కాంటా కావచ్చు, ల్యాబు మిషను కావచ్చు, కీబోర్డు వాయిద్యం కావచ్చు, కంప్యూటర్‌తో ఉండుండి మాట తెగిపోతుంటే ముందు వైరు ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలు ఆనించి తట్టి చూడండి. మాలాంటి వాళ్ళకు ఫోను ఆ తరువాత చేద్దురుగాని.