సగం నేను, సగం నా కవల

ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక పత్తి చేను. మొక్కల కొసలకు అడుగు పైన వేలాడే లింగాకర్షక బుట్టలో, చిన్న రబ్బరు బిళ్లలో ఉంటాను. నాకూ నా కవలకూ కలిపి పేరు గాసిప్లూర్. గులాబీ రంగు పురుగు జాతిలో ఆడ రెక్కల పురుగు మగదాన్ని పిలిచే వాసనలో సగాన్ని నేను. అయినా ఏ పురుగు ఒంట్లోనూ పుట్టలేదు. నా మూలం కార్బైడ్ రాయి.

సున్నాన్నీ కోక్ బొగ్గునూ విద్యుత్ కొలిమిలో రెండు వేల డిగ్రీల వేడిలో కలిపితే ఆ రాయి తయారవుతుంది. దాని మీద నీళ్లు పడగానే బుసబుసమంటూ పైకి లేచాను. అప్పుడు నేను ఎసిటిలీన్‌ని. రెండు కార్బన్లు, రెండు హైడ్రోజన్లు, కార్బన్ల మధ్య మూడు బంధాలు. 1836లో ఎడ్మండ్ డేవీ కనిపెట్టిన వాయువు అదే. మావాళ్లు చాలామంది వెల్డింగ్ షాపుల్లో మండి ఇనుము అతికిస్తారు. నాకు మాత్రం హైదరాబాదులో ఒక ప్రయోగశాల రాసిపెట్టి ఉంది.

అక్కడి పరిశోధక విద్యార్థిని నన్ను వెంటనే ముట్టుకోలేదు. కాగితం మీద నా ఆఖరి రూపం గీసుకుని, అక్కడినుంచి ఒక్కో బంధం విడదీసుకుంటూ వెనక్కి నడిచింది. రసాయన శాస్త్రవేత్త ఇ.జె.కోరీకి 1990లో నోబెల్ తెచ్చిన దారి అదే. గమ్యం దగ్గర మొదలుపెట్టి బయలుదేరే చోటికి రావడం.

ఆ గమ్యం తేలడమే కష్టమైంది. 1960లలో ఈ పురుగు వాసన ఇదేనంటూ వేరే పదార్థాన్ని చెప్పారు. దానికి చేలల్లో మగ పురుగులు రాలేదు. 1973లో అసలు సంగతి తెలిసింది. వాసన ఒకటి కాదు, రెండు పదార్థాలు చెరిసగం. రెండింటికీ అవే పదహారు కార్బన్ల గొలుసు, అదే అసిటేట్ తోక. ఏడో కార్బన్ దగ్గర రెండూ ఒకే తీరున వంగుతాయి. రసాయన భాషలో అది జెడ్ (Z). పదకొండో కార్బన్ దగ్గరే తేడా. నా కవలది అక్కడా జెడ్ వంపే. నాది చాచినట్టుండే 'ఈ' (E) రూపం.

"ఏమ్మా, రెండు ట్రిపుల్ బాండ్లూ ముందే పెట్టేసి, చివర్లో ఒకేసారి తగ్గించొచ్చుగా?" అని గైడ్ అడిగారు.

"కుదరదు సార్. లిండ్లార్ ఉత్ప్రేరకం వేస్తే రెండూ జెడ్ అవుతాయి, సోడియం వేస్తే రెండూ 'ఈ' అవుతాయి. ఒకటి తేలిపోయాకే రెండోదాన్ని తేవాలి."

నా జాతకమంతా ఆ జవాబులోనే ఉంది.

మూడు బంధాల కార్బన్ మీది హైడ్రోజన్ బలమైన క్షారానికి లొంగుతుంది. సోడియం అమైడ్ నా ఒక చివరి హైడ్రోజన్‌ను లాక్కోగానే అక్కడ నాలుగు కార్బన్ల బ్యూటైల్ బ్రోమైడ్ అతుక్కుంది. రెండో చివరా ఖాళీ అయ్యాక ఇథిలీన్ ఆక్సైడ్ ఉంగరం విచ్చుకుని ఇంకో రెండు కార్బన్లూ ఒక ఆల్కహాల్ తోకా ఇచ్చింది. ఎనిమిది కార్బన్ల దాన్నయ్యాను.

అక్కడే మమ్మల్ని రెండు భాగాలు చేశారు. నా కవల లిండ్లార్ ఉత్ప్రేరకం మీదికి వెళ్లింది. సుద్ద మీద పరిచిన పల్లాడియానికి సీసంతో దూకుడు తగ్గిస్తే వచ్చేది అది. దాని మీద రెండు హైడ్రోజన్లూ ఒకే వైపునుంచి చేరతాయి, గొలుసు వంగుతుంది. నేను మైనస్ 33 డిగ్రీల ద్రవ అమోనియాలో దిగాను. సోడియం ముక్క కరగగానే చుట్టూ ముదురు నీలం కమ్ముకుంది. ఆ నీలం విడిపడిన ఎలక్ట్రాన్లది. అవి ఒక్కొక్కటిగా నాలో చేరుతుంటే నా రెండు కొసలూ ఒకదానికొకటి దూరం జరిగాయి. హైడ్రోజన్లు ఎదురెదురు వైపుల కుదిరాయి. ఇక ఎప్పటికీ నేను 'ఈ' రూపమే.

మా ఆల్కహాల్ తోకను బ్రోమైడ్‌గా మార్చి, ఇంకో ఎసిటిలీన్‌తో చేసిన ముక్కతో జత కలపాలి. ఆ ముక్కకున్న ఆల్కహాల్ మధ్యలో అడ్డుపడకుండా ఆ విద్యార్థిని ముందే దానికి టీహెచ్‌పీ ముసుగు వేసింది. అయినా మొదటిసారి దెబ్బతిన్నాం. క్షారం మా వాళ్లను అతికించకుండా వాళ్లనుంచి హైడ్రోజన్‌ను గుంజింది. బ్రోమిన్ ఊడిపోయి చాలామంది పనికిరాని డయీన్‌గా మిగిలారు. వారాల కష్టం ఒక్క రాత్రిలో పోయింది. ఆమె ఆ ఫ్లాస్క్ ముందు చాలాసేపు కూర్చుంది. మర్నాడు మళ్లీ మొదటి మెట్టునుంచి మొదలుపెట్టింది. ఈసారి బ్రోమిన్ బదులు అయొడిన్ పెట్టింది, చల్లగా ఉంచి బొట్టు బొట్టుగా కలిపింది. పదహారు కార్బన్లు ఒక్కటయ్యాయి.

మిగిలిన ట్రిపుల్ బాండ్‌ను లిండ్లార్ వంచింది. తేలిపోయిన నా బంధం జోలికి పోకముందే, పీల్చిన హైడ్రోజన్‌ను కొలుస్తూ ఆమె ఆపేసింది. ముసుగు తీసి అసిటేట్ తొడిగింది. నన్నూ నా కవలనూ చెరిసగం కలిపి ఈ బిళ్లలో నింపారు.

రాత్రి మగ పురుగులు గాలికి ఎదురెగిరి వచ్చాయి. తెల్లారి రైతు బుట్ట విప్పి లెక్కపెట్టాడు. బుట్టకు ఎనిమిది చొప్పున వరుసగా మూడు రోజులు పడితేనే మందు సంగతి చూడాలి.

"నిన్న అయిదు, ఇయ్యాల ఆరు. మందు కొట్టుడు అవసరం లేదు," అన్నాడు భార్యతో.

ఆమె భుజాన ఉన్న స్ప్రేయరు దించి గట్టు మీద పెట్టింది.