రాతికప్పు పిట్ట ఆత్మకథ

ఇంటి స్విఫ్ట్ 15 సెంటీమీటర్ల పిట్ట. ఒళ్లంతా మసి నలుపు, గొంతు తెలుపు, వీపు చివర తోక మొదలయ్యే చోట తెల్లని పట్టీ. తన కథ చెప్పుకుంటున్న ఈ పిట్ట పుట్టిల్లు సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో 1208లో కట్టిన ఎరకేశ్వరాలయం. రాతికప్పు మూలన దాని గూడు. గాలిలో తేలే ఈకల్ని, గడ్డిపోచల్ని తల్లీతండ్రీ ఎగురుతూనే ముక్కున పట్టి తెచ్చి ఉమ్మితో అంటించాయి. దగ్గర నుంచి చూస్తే ఆరిన ఉమ్మి ఈకల అంచుల్లో పల్చటి పొరలా మెరుస్తుంది. పక్కనే ఇంకో గూడు, దాన్ని ఆనుకుని మరొకటి. ఈ జాతిది గుంపు కాపురం. పిల్లలు ఎగిరిపోయాక కూడా రాత్రి పడక ఆ గూళ్లలోనే.

ఒక తొలకరి గాలివానకు ఈ పిట్ట మండపం బండల మీద పడిపోయింది. స్విఫ్టుల కాళ్లు మరీ పొట్టివి. వాటి ప్రజాతి పేరు ఏపస్‌కు గ్రీకులో కాళ్లు లేనిదని అర్థం. రెక్కలు బండకు కొట్టుకోవడమే తప్ప లేవలేకపోయింది. గుడికి వచ్చిన ఒక ముసలమ్మ దోసిట్లోకి తీసుకుని గోడ మీద ఎత్తుగా ఆనించింది. పిట్ట గోళ్లతో రాతిని పట్టుకుని కాసేపు వేలాడి గాలిలోకి జారిపోయింది. ఆ దోసిలి వెచ్చదనం దానికింకా గుర్తే. కరెంటు తీగల మీద బారులు తీరే పిట్టలు స్వాలోలు. ఆ కాళ్లతో స్విఫ్ట్ తీగ మీద కూర్చోలేదు.

మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాలువ కింద వరిపొలాల మీద దోమలూ పురుగులూ లేచే వేళకు రెండో జాతి కలుస్తుంది. అది తాటి స్విఫ్ట్. 13 సెంటీమీటర్లే ఉంటుంది. సన్నటి ఒళ్లు, మట్టిరంగు, కొడవలి రెక్కలు. తెల్లపట్టీ ఉండదు. రెండింటికీ శాస్త్రీయ నామాలు పెట్టింది జంతుశాస్త్రవేత్త జాన్ ఎడ్వర్డ్ గ్రే: తాటి స్విఫ్ట్‌కు 1829లో, ఇంటి స్విఫ్ట్‌కు 1830లో.

తాటి స్విఫ్ట్ గూడు సగం దొన్నెంత. పొలంగట్టు మీది తాటాకు అడుగున, మడతలో, ఈకలూ దూదీ ఉమ్మితో అతికి ఉంటుంది. గాలికి కమ్మ ఊగితే గూడూ ఊగుతుంది. కమ్మ నరికితే గూడు పోయినట్టే. రాతికప్పు కింద పుట్టిన పిట్టకు ఆ బతుకు చూస్తే గుండె బిగుసుకుంటుంది.

కింద నిలబడ్డ మనిషికి చిక్కు వచ్చేది వెలుతురుతోనే. ఆకాశం మెరుస్తుంటే రెండూ నల్లగానే కనిపిస్తాయి. వీపు పట్టీ పిట్ట పక్కకు ఒరిగితేనే బయటపడుతుంది. అలాంటప్పుడు నమ్మదగింది తోక. ఇంటి స్విఫ్ట్ తోక పొట్టి, చివర కత్తిరించినట్టు సమం, విప్పితే విసనకర్ర. తాటి స్విఫ్ట్ తోక లోతుగా చీలి ఉన్నా, మూసి ఎగురుతుంది కాబట్టి సూదిలా ఒక్కటిగా కనిపిస్తుంది. చటుక్కున మలుపు తిరిగినప్పుడు చీలిక విచ్చుకుంటుంది. ఆ క్షణం కోసం ఓపిక పట్టాలి. చెవి కూడా సాయపడుతుంది: ఇంటి స్విఫ్టులు గుంపుగా గలగలమని గొలుసుకట్టుగా కూస్తాయి, తాటి స్విఫ్ట్‌ది సన్నటి కీచు.

అప్పటికీ తేలకపోతే పొద్దుగూకే దాకా ఆగాలి. కోదాడ చెరువు మీద కలిసి తిరిగిన గుంపు చీకటి పడుతుండగా రెండుగా చీలుతుంది. ఒకటి తాటిమొవ్వుల వైపు, మరొకటి వంతెనల కిందికీ గుడి కప్పులకూ.