గట్టు మీది తాటిచెట్టు ఆత్మకథ

నల్లగొండ జిల్లాలో ఓ చెరువు గట్టు మీద పెరిగిన పోతుతాడు అది. 60 అడుగుల ఎత్తు. కథ చెప్పమంటే కల్లు దగ్గర మొదలుపెట్టదు, నీళ్ల దగ్గర మొదలుపెడుతుంది. మట్టిలోని తడిని నడినెత్తిన ఉన్న ఆకులకు చేర్చడమే తాను పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పని అంటుంది.

తనకు మోటారు లేదు, గుండె లేదు. పీల్చే పంపు ఎంత గట్టిదైనా నీటిని 34 అడుగులకు మించి లాగలేదు. గాలి ఒత్తిడి మోయగలిగేది అంతే. మరి అంతకు దాదాపు రెట్టింపు ఎత్తుకు నీరెలా ఎక్కుతోంది?

కాండంలోని జీవకణాలే నెడుతున్నాయని ఒకప్పుడు చాలామంది అనుకున్నారు. జర్మన్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ స్ట్రాస్‌బర్గర్ కోసిన చెట్ల మొదళ్లను విషద్రావణంలో నిలబెట్టి చూశాడు. దారిలోని కణాలు చచ్చిపోయినా ద్రావణం ఎక్కుతూనే ఉందని 1891లో వెల్లడించాడు. 1894లో డబ్లిన్‌లో హెన్రీ డిక్సన్, జాన్ జోలీ చిక్కుముడి విప్పారు. నీటిని కింది నుంచి ఎవరూ నెట్టడం లేదు, పైనుంచి ఆకు లాగుతోంది.

ఎండ రాగానే తన ఆకుల్లో పత్రరంధ్రాలు తెరుచుకుంటాయి. ఆహారం వండుకోవడానికి బొగ్గుపులుసు వాయువు లోపలికి రావాలి కదా! అదే దారిన తేమ ఆవిరై బయటికి పోతుంది. పోయిన తేమ చోటులోకి వెనకనున్న నీరు జరుగుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి, చేంతాడు కొస లాగితే బావిలోని చేద కదిలినట్టు, ఆకు దగ్గరి లాగుడు వేరు దాకా అందుతుంది. ఇలా తెచ్చిన నీటిలో నూటికి తొంభై పాళ్లకు పైగా గాలిలోనే కలుస్తుంది. ఆకలి తీరాలంటే ఆ మూల్యం తప్పదంటుంది తాటిచెట్టు.

ఇక కల్లు సంగతి. గీత కార్మికుడు మోకు వేసి ఎక్కి, గొలను సన్నగా గీసి, లొట్టి కడతాడు. అందులోకి జారేది వేళ్ల నుంచి ఎక్కే నీరు కాదు. ఆ నీటి గొట్టాన్ని కోస్తే చుక్క రాలదు, గాలే లోపలికి పోతుంది. లొట్టి నింపేది పక్కనే ఉన్న పోషక కణజాలం. చక్కెర చేరిన ఆ కణాల్లోకి పక్క గొట్టాల నీరు చొరబడి ఒత్తిడి పెరుగుతుంది. తీపి రసం ఆ ఒత్తిడికే పారుతుంది. ఒక దారిలో లాగుడు, ఒక దారిలో నెట్టుడు: రెండూ ఒకే కట్టలో పక్కపక్కనే సాగుతాయి.

తన బెంగ ఒక్కటే. వేప, మామిడి కాండాలు లావెక్కుతూ కొత్త నీటి గొట్టాలు వేసుకుంటాయి. తాటికి ఆ వరం లేదు. మట్ట రాలితే కొత్త మట్ట వస్తుంది, మొదలు దగ్గర కొత్త వేళ్లు పుడతాయి; కాండంలోని గొట్టాలు మాత్రం ఒక్కసారి వేసినవే, నూరేళ్లయినా అవే మొయ్యాలి. బెరడు కప్పి గాయం మాన్పుకోవడమూ తనకు చేతకాదు. గొట్టాల కట్టలు కాండమంతా చెదిరి ఉండి, ఒకదానితో ఒకటి కలుస్తాయి కనుక చిన్న గాటు పడితే నీరు పక్కదారి పట్టగలదు. మొదలు చుట్టూ మంట గట్టిగా తగిలితే ఆ దారులూ దెబ్బతినొచ్చు. అందుకే కోతలయ్యాక గట్టు పక్కన వరికొయ్యలు తగలబెట్టొద్దని రైతులను వేడుకుంటోంది.